నడుంనొప్పివాడి ప్రపంచ రికార్డు

నేను ప్రపంచ రికార్డు బద్దలుకొట్టిన రోజు నాకు జలుబు. పైగా నడుంనొప్పి. అసలు ఆ నొప్పి తగ్గుతుందనే డాక్టరు నన్ను ఈతకు పంపాడు. లిఫ్టులు బాగుచేయడం నా పని కాబట్టి స్విమ్మింగ్ పూల్ దగ్గర అందరూ నన్ను లిఫ్ట్ అనే పిలుస్తారు.

ఆ ఉదయం క్లబ్ సభ్యులకి యాభై మీటర్ల ఫ్రీస్టైల్ పోటీ. ఒక్కొక్కరే ఈదాలి. ముక్కు చీదుకుంటూ అవతలి గోడ పట్టుకునేసరికి, స్టాప్‌వాచ్ పట్టుకున్న అమ్మాయి గట్టు మీద కొయ్యబారిపోయి ఉంది. ఆరు నెలలుగా నేను ఒక్కరోజు కూడా మానకుండా వస్తున్నది నడుం కోసం కాదు, ఆ అమ్మాయి కోసం.

"ఎంతండీ?"

"పంతొమ్మిది సెకన్లు."

"నిమిషం మీద పంతొమ్మిదా?"

"కాదండీ, ఉత్త పంతొమ్మిది! ప్రపంచ రికార్డే ఇరవై దాటి ఉంది!"

ఆమె తండ్రే మా చీఫ్ రిఫరీ. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా వాచ్ ఆలస్యంగా నొక్కని మనిషి. టేపు తెచ్చి పూల్‌ని మూడుసార్లు కొలిచాడు. యాభై మీటర్లే. తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు.

"లిఫ్ట్ మెకానిక్‌వి కదా, నిక్కర్లో మోటారేమైనా బిగించావా?"

సోదా చేశారు. తడిసి ముద్దైన జలుబు మాత్ర ఒకటి దొరికింది.

సాయంత్రానికల్లా గేటుకి నా ఫొటో కట్టారు. మా అమ్మ వీధంతా తిరిగి, "చిన్నప్పుడు స్నానమంటే చాలు, మావాడు దొరికేవాడు కాదు. ఆ స్పీడే ఇది" అని చెప్పుకొచ్చింది.

ఆదివారం పైనుంచి ముగ్గురు అధికారులు వస్తారట. వాళ్ల ముందు మళ్లీ ఈదాలట. రిఫరీ అందరిముందే కూతురితో అనేశాడు.

"ఆ రోజు తేడా వచ్చిందో, తప్పు నీ వేలిదే. ఇక ఈ పూల్ ఛాయలకి రాకు."

అంటే నేను నిజంగానే పంతొమ్మిది సెకన్లలో ఈదాలి. లేకపోతే ఆ అమ్మాయి మళ్లీ కనిపించదు. నీళ్లలో ఇంకాస్త జారుతానని గుండు కొట్టించుకున్నాను. చాలదేమోనని కనుబొమలు కూడా తీయించేశాను.

ఆదివారం దిమ్మ మీద వంగి నిలబడ్డాను. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"నాన్నా, ఆగు!" ఆమె పరుగెత్తుకొచ్చింది. "ఈయన ఏ రికార్డూ కొట్టలేదు. నేనే వాచ్ ఆలస్యంగా నొక్కాను."

"ఎంత ఆలస్యం?"

"ముప్పావు పూల్ దాటాక గుర్తొచ్చింది."

"అప్పటిదాకా ఏం చేస్తున్నావే?"

"చూస్తున్నాను."

"దేన్ని?"

ఆమె తల దించుకుంది. "లిఫ్ట్‌ని."

లిఫ్ట్ ఎక్కడుందా అని ముగ్గురు అధికారులూ చుట్టూ వెతికారు.

"ఈ ముక్క ఆ రోజే చెప్పి ఏడవొచ్చుగా!"

"గేటుకి ఫొటో కట్టేశాక ఎలా చెప్పను నాన్నా? ఇవాళ ఈయనకి కనుబొమలు కూడా లేకపోవడం చూశాక ఇక ఉండబట్టలేకపోయాను."

ఆమె నన్ను చూసిందట! ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే చూస్తున్నాననుకున్నాను. సంతోషం పట్టలేక కాలు జారి నీళ్లలో పడ్డాను. పడ్డాక ఈదక తప్పదు. అలవాటుకొద్దీ రిఫరీ వాచ్ నొక్కేశాడు. ఆమె కుడిగట్టు మీద నాతోపాటే నడుస్తోంది. ఊపిరి కావలసినా అక్కర్లేకపోయినా, చెయ్యి వేసిన ప్రతిసారీ కుడివైపే తల తిప్పాను.

గోడ తాకాను. రిఫరీ వాచ్ చూసి, నన్ను చూసి, నిట్టూర్చాడు.

"నిమిషం పన్నెండు సెకన్లు. ముప్ఫై ఏళ్లలో ఇంత నెమ్మదిగా ఈదినవాణ్ణి చూడలేదు." తర్వాత కూతురివైపు తిరిగాడు. "చేసుకో తల్లీ. నీ నుంచి పారిపోవాలన్నా వీడివల్ల కాదు."