ఇంకు తాగని కాగితం

మారిట్ పెదవులు నీలంగా ఉన్నాయి.

నా చేతిలోని ఆపిల్ ముక్క కింద పడిపోయింది. ఊపిరాడని పిల్లల పెదవులు అలాగే అవుతాయని ఎక్కడో విన్నాను. తరగతి వెనక బల్ల మీద కత్తి పడేసి, బెంచీల మధ్య నుంచి పరిగెత్తాను.

"నోరు తెరువు. గట్టిగా ఊపిరి పీల్చు."

"అమ్మా, అందరూ చూస్తున్నారు," అంది మారిట్. "పెన్నులో వేసే ఇంకు గొట్టాన్ని పళ్ళతో పట్టుకున్నా. కారింది. అంతే."

"కంగారు పడకండి," అన్నారు ల్యూర్స్ టీచర్. "నీళ్ళతో కడిగితే పోయే ఇంకే."

అయినా నేను మారిట్ చేత రెండుసార్లు నోరు పుక్కిలింపించాను.

ఆ రోజు మూడో తరగతిలో పిల్లలంతా కలిసి టిఫిన్ తినాలి. రొట్టె, ఆపిల్ పళ్ళు కోసిపెట్టడానికి నన్ను పిలిచారు. ఆ రోజే పెన్ను లైసెన్స్ కూడా. అప్పటిదాకా పెన్సిలుతో రాసిన పిల్లలు, ఇంకు పెన్నుతో ఒక పేజీ పొందిగ్గా రాసి చూపించాలి. చూపిస్తే లైసెన్స్ కార్డు ఇస్తారు. ఇక అన్నీ పెన్నుతోనే. రాయలేకపోతే మళ్ళీ పెన్సిలే.

"ఇంకు అందరికీ మామూలు నీలమే. కాగితం మాత్రం మీ ఇష్టం," అని టీచర్ ముందే చెప్పారు. "కొనే ముందు ఒక గీత గీసి, వేలితో రుద్ది చూడండి."

మారిట్ రుద్ది చూడలేదు. షాపులో అద్దంలా మెరిసే కాగితం కనిపించగానే గుండెకు హత్తుకుంది.

"ఒక్క గీత గీసి చూడవే," అన్నాను.

"నీకు అన్నిటికీ భయమే," అంది.

మారిట్ పక్కన కూర్చునేది ఇల్యాస్. వాడిది ఎడమచేతి వాటం. వాడి చెయ్యి అప్పుడే రాసిన మాటల మీదుగా జరుగుతుంది. తడి ఇంకంతా అలుక్కుపోతుంది. అరచేతి అంచు ఎప్పుడూ నీలమే. ముందు బెంచీలో కూర్చునే బెంటె వాడికి "తుడుపుగుడ్డ" అని పేరు పెట్టింది. ఇప్పటికే రెండుసార్లు వాడికి లైసెన్స్ రాలేదు.

ఈసారి ఇల్యాస్ కాగితాన్ని బాగా ఏటవాలుగా పెట్టుకున్నాడు. చేతిని గీతకు కిందుగా ఉంచి, నాలుక కొస బయటపెట్టి, మెల్లగా వాళ్ళ నాన్నమ్మ గురించి రాశాడు. ఒక్క మరక కూడా పడలేదు. ఆ పేజీని రెండు చేతులతో పట్టుకెళ్ళి కిటికీ దగ్గరి ట్రేలో పెట్టాడు.

"రాసినవైపు పైకి ఉండాలి. మధ్యలో బ్లాటింగ్ పేపర్ వెయ్యండి," అన్నారు టీచర్.

అంతలో ఆటల బెల్లు కొట్టింది. మారిట్‌కు తడి ఇంకు పీల్చే ఆ బ్లాటింగ్ పేపర్ వెతికే ఓపిక లేదు. తన పేజీ ఎవరూ చూడకూడదని దాన్ని ఇల్యాస్ పేజీ మీద బోర్లా పెట్టింది. గాలికి ఎగరకుండా అరచేత్తో గట్టిగా ఒత్తి, బయటికి పరిగెత్తింది.

కాసేపటికి మరిచిపోయిన టోపీ కోసం లోపలికి వచ్చింది. తన పేజీ ఎలా ఉందోనని ఎత్తి చూసింది. అలాగే బిగుసుకుపోయింది. ముఖంలో రక్తం లేదు.

"కడుపు నొప్పా?" అన్నాను.

"ఏం లేదమ్మా."

ఆ గొంతు వినగానే జ్వరమేనని తేల్చేసుకున్నాను. థర్మామీటర్ కోసం స్కూలు ఆఫీసుకు పరుగు తీశాను.

నేను లేనప్పుడు ఏం చేసిందో ఆ తర్వాత తనే చెప్పింది.

ఆ మెరుపు కాగితం ఇంకును తాగలేదు. తడి అక్షరాలన్నీ కింద ఉన్న ఇల్యాస్ పేజీ మీద అద్దంలోలా తిరగబడి అచ్చుపడ్డాయి. మారిట్ పౌచ్‌లోంచి ఇంకు చెరిపే పెన్ను తీసింది. రుద్దగానే మరక మాయమైంది. హమ్మయ్య అనుకుని ఇంకా రుద్దింది.

అప్పుడు చూసుకుంది. మరకతో పాటు ఇల్యాస్ రాసిన మాటలూ పోయాయి. పేజీ నడిమధ్య తెల్లగా మిగిలింది.

తన పెన్ను తీసి, పోయిన మాటల్ని మళ్ళీ రాయబోయింది. చెరిపిన చోట ఇంకు నిలవదు. "నాన్నమ్మ" అని రాసింది. రాస్తుండగానే నాన్నమ్మ మాయమైపోయింది.

నేను థర్మామీటర్ పట్టుకుని వచ్చేసరికి పిల్లలంతా లోపల ఉన్నారు. టీచర్ ఇల్యాస్ పేజీని చేతిలోకి తీసుకున్నారు. మధ్యలో ఖాళీ, అంచుల నిండా నీలం మచ్చలు.

"తుడుపుగుడ్డ మళ్ళీ తుడిచింది," అంది బెంటె. వెనక నుంచి నవ్వులు వినిపించాయి.

ఇల్యాస్ నవ్వలేదు, ఏడవలేదు. తన పేజీని ఎవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత ఎడమచేతిని తిప్పి, అరచేతి అంచును చూసుకున్నాడు. ఆ చేతిని మెల్లగా టీచర్ వైపు ఎత్తాడు.

"చూడండి టీచర్. శుభ్రంగానే ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. వాడి చెయ్యి అలా పైకే ఉండిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

మారిట్ లేచింది. పడిపోతుందేమోనని నేను కుర్చీ కోసం చూశాను. తను టీచర్ చేతిలోంచి ఇల్యాస్ పేజీ తీసుకుని ట్రే దగ్గరికి వెళ్ళి, తన మెరుపు కాగితాన్ని దాని మీద బోర్లా వేసింది. మళ్ళీ తెరిచి రెండూ పక్కపక్కన పెట్టింది. అంచుల్లోని మచ్చలు తన అక్షరాలే.

"ఇది వాడు చెయ్యలేదు, నేనే," అంది. "బోర్లా పెట్టాను. తర్వాత చెరిపాను. వాడి మాటలు కూడా పోయాయి."

క్లాసంతా నోరెళ్ళబెట్టింది. బెంటె తన పెన్ను మూత వైపే చూస్తూ కూర్చుంది.

"ఇద్దరూ మళ్ళీ రాయండి," అన్నారు టీచర్. "ఇల్యాస్, నువ్వు అయిందనేదాకా ఎవరూ తొందరపెట్టరు."

మిగతావాళ్ళు రొట్టెల చుట్టూ చేరారు. వీళ్ళిద్దరే బెంచీలో మిగిలారు. మారిట్ మామూలు నోట్‌బుక్ కాగితం తెచ్చుకుంది. అంచున ఒక గీత గీసి, ఆగి, వేలితో రుద్దింది. వేలు తిప్పి చూసుకుంది. ఏమీ అంటలేదు.

"నా పేజీ ముట్టుకోకు," అన్నాడు ఇల్యాస్ తల ఎత్తకుండా.

"ముట్టుకోను. ఆరడానికి ఊదనా?"

"ఊదకు కూడా."

మారిట్ నోరు మూసుకుని రాసుకుంది. సగంలో ఒక మాట తప్పు పడింది. చెయ్యి అలవాటుగా పౌచ్‌లోకి పోయి, చెరిపే పెన్నుతో బయటికి వచ్చింది. నేను రొట్టె కోయడం ఆపేశాను.

తను మూత తియ్యలేదు. దాన్ని మళ్ళీ పౌచ్‌లో పెట్టి, స్కేలు తీసుకుంది. తప్పు మాట మీద ఒక్క గీత కొట్టి, పైన సరైన మాట రాసింది.

ఇల్యాస్ ఓరగా చూశాడు. "లైసెన్స్ ఇవ్వరేమో."

"ఏమో."

వాడు ముందు పూర్తి చేసి, చెయ్యి తిప్పి చూసుకుని, పేజీని ట్రేలో పెట్టాడు. మారిట్ కూడా లేచింది. వాడి పేజీ మీద ముందు బ్లాటింగ్ పేపర్ పరిచింది. ఆ పైన తన పేజీని రాసినవైపు పైకి ఉండేలా పెట్టింది.

కొట్టివేసిన మాట అందరికీ కనిపిస్తూనే ఉంది.