ఆకుపచ్చ రాని స్ఫటికం

స్ఫటికాలు పెంచే ఆమెను ఉదయం తొమ్మిదింటికి ల్యాబ్ సింకు దగ్గర కాల్చి చంపారు. రెండు తూటాలు, రెండూ మొహంలో. అల్మారాలో అన్నిటికంటే పెద్ద స్ఫటికాలున్న సీసా తీసుకున్నారు. పక్కగదిలో కంప్యూటర్ ముందున్న ఆమె భర్తను వ్యాన్‌లో పడేసుకుని పోయారు. అడిగి చంపాల్సింది. చంపి వెతుక్కున్నారు.

పదింటికి గూఢచారి శాఖ చీఫ్ తన ఏజెంటును పిలిచాడు. డిపార్ట్‌మెంటులో ఆ ఏజెంటును మేకు అంటారు.

"వాళ్ళు ఎత్తుకుపోయిన సైంటిస్టు ఒక కొత్త ఆర్గానిక్ అణువును లెక్కగట్టాడు. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లేజర్‌ని ఆకుపచ్చగా మారుస్తుంది. దాని బలాన్ని బీటా అంటారట. ఇప్పుడున్నవాటికి నలభై రెట్లు. విదేశీ ముఠా దాన్ని క్షిపణుల్లో వాడుకుంటుంది. నాయకుణ్ణి బాబాయి అంటారు."

"సైంటిస్టు సంగతి?"

"ప్రాణంతో తీసుకురా. కుదరకపోతే వాళ్ళకి మిగల్చకు."

"అంటే నేనే..."

"అంటే అదే. ముఠా లోపల మన మనిషి ఉంది. పేరు అత్తరు."

పదకొండింటికి మేకు లేజర్ మెకానిక్ వేషంలో, నీలం చొక్కాతో, బట్టల మిల్లు వెనక ముఠా గోడౌన్ తలుపు తట్టాడు. తలుపు తీసిన ఆడమనిషి అందంగా ఉంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"కూలింగ్ నీళ్ళు మార్చాలా?" అన్నాడు.

"ఫిల్టరు కూడా," అంది అత్తరు. కోడ్ సరిపోయింది. టూల్‌బాక్స్ తడుముతున్నట్టు నటించి అందులో పిస్తోలు జారవిడిచింది.

సైంటిస్టును కుర్చీకి కట్టేశారు. కుడిచేతి వేళ్ళు రెండు విరిచారు. బాబాయి టేబుల్ మీద స్ఫటికాన్ని బిగించి, ముద్దుగా అడిగాడు.

"ఆ నలభై రెట్ల అంకె నిజమేనా నాయనా?"

"నిజమే."

"లేజర్ వెయ్యరా," అన్నాడు బాబాయి మేకుతో.

అందరూ కళ్ళద్దాలు పెట్టుకున్నారు. మేకు స్విచ్ వేశాడు. టిక్‌టిక్‌మని లేజర్ కొట్టుకుంది. ఆకుపచ్చ రాలేదు.

బాబాయి బాడీగార్డు పిస్తోలు సైంటిస్టు కణతకు ఆనించాడు. "మూడు లెక్కపెడతా."

"ఆగరా తొందరోడా," అన్నాడు బాబాయి. "ఈ అద్దాలే వెలుగంతా మింగేస్తున్నాయేమో." అద్దాలు తీసేశాడు.

మేకుకు ఒక సంగతి తెలుసు. స్ఫటికం రంగు మార్చకపోయినా ఇన్‌ఫ్రారెడ్ ఎక్కడికీ పోదు, స్ఫటికంలోంచి అలాగే వస్తుంది. కనబడదు, అంతే. పడితే కన్ను పోతుంది. సైంటిస్టుకూ అది తెలుసు.

"ఇంకాస్త వంగి చూడండి బాబాయ్," అన్నాడు సైంటిస్టు మెల్లగా. "ఎదురుగా."

బాబాయి వంగాడు. టప్‌మని చిన్న చప్పుడు, కంటి లోపల. బిత్తరపోయి రెండో కన్ను పెట్టాడు. మళ్ళీ టప్. ఆ తర్వాత అతని అరుపుకి పైకప్పు రేకులు అదిరాయి.

మేకు అత్తరు ఇచ్చిన పిస్తోలు తీసి బాడీగార్డుకు గురిపెట్టి నొక్కాడు. క్లిక్. ఖాళీ. అత్తరు నవ్వింది. మేకు స్పానర్‌తో బాడీగార్డు గొంతు మీద కొట్టాడు. ఎముక విరిగింది. ఇంకోసారి కొట్టాడు, అవసరం లేకపోయినా. వాడి పిస్తోలు అందుకున్నాడు. అప్పటికే అత్తరు తన తుపాకీ సైంటిస్టు తలకు ఆనించింది.

"కదిలావో, వీడు పోతాడు," అంది.

మేకు ఆగాడు. చీఫ్ మాట గుర్తుంది. తను కాల్చాల్సింది సైంటిస్టునా, ఆమెనా? సైంటిస్టు కళ్ళు మూసుకోలేదు.

"వీణ్ణి నేను తీసుకెళ్తా," అంది. "ఇద్దరం పంచుకుందాం. ఆ గుడ్డి ముసలాడి పని ఎలాగూ అయిపోయింది."

ఆ మాట బాబాయి విన్నాడు. నడుము దగ్గరి పిస్తోలు లాగి గొంతు వచ్చిన వైపు మూడుసార్లు కాల్చాడు. మొదటి గుండు గోడకు తగిలింది. తక్కిన రెండూ అత్తరుకు తగిలాయి. సైంటిస్టు చెంప మీద ఆమె నెత్తురు పడింది. మేకు బాబాయికి ఒక్క గుండు చాలనుకున్నాడు. చాలింది.

సాయంత్రం ఆఫీసులో చీఫ్ ఫైలు తిరగేస్తూ అడిగాడు.

"మరి మీ లెక్క తప్పేగా?"

"ఒప్పే. ఒక్క అణువుకి." సైంటిస్టు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. "విడిగా ఉంటే పులి. ఆ పెద్ద స్ఫటికాల్లో మాత్రం జంటలుగా, ఒకదాని తలవైపు ఇంకోదాని కాళ్ళు పెట్టి పడుకుంటాయి. దీని బలాన్ని అది కొట్టేస్తుంది. మిగిలేది సున్నా. పారబొయ్యమని మా ఆవిడ నెల నుంచీ పోరుతోంది. పనికొచ్చేవి చిన్నవి, అన్నీ ఒకే వైపు తల పెట్టినవి, అల్మారా అడుగు అరలో ఉన్నాయి."

చీఫ్ పగలబడి నవ్వాడు. "జంట కడితే సున్నా! కాపురాలన్నీ అంతేనయ్యా."

"మాది కాదండీ," అన్నాడు సైంటిస్టు.