కుడివైపు సీటు

ఆదివారం పొద్దున్న సత్యదుర్గ కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వంటింటి గుమ్మం పక్కనున్న మేకు వైపు చెయ్యి చాపింది. అక్కడ తాళంచెవి లేదు.

ఎన్నో ఏళ్ళుగా తాళంచెవి వేలాడి, సున్నం మీద నల్లటి గీత ఒకటి పడింది. ఆమె కాసేపు ఆ గీతనే చూస్తూ నిలబడింది. భర్త మోహన్ పోయినప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ తాళం తీసుకుని, పెరట్లో కొబ్బరాకుల పాకలో ఉన్న జీపు దగ్గరికి వెళ్ళేది. ఇంజను కాసేపు నడిపి, ఆపి వచ్చేది. బ్యాటరీ పాడవకుండా అని చెప్పేది. అంతకు మించి ఎవరూ అడగలేదు.

"అత్తయ్యగారూ, జీపు తాళం చూసేరా?"

వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న వీరాయమ్మ తలెత్తలేదు. "ప్రసాదు పట్టుకెళ్ళేడు."

"ప్రసాదుగారా? ఎందుకూ?"

"వస్తున్నాడు కదా, వాణ్ణే అడుగు."

సత్యదుర్గ మళ్ళీ అడగలేదు. ఆమె హైస్కూల్లో తెలుగు టీచరు. జవాబు చెప్పడం ఇష్టంలేని వాళ్ళు చూపు ఎటు తిప్పుకుంటారో ఆమెకి బాగా తెలుసు. పాక దగ్గరికి వెళ్ళి జీపు మీది పరదా తొలగించింది.

అది మామగారు సైన్యం వాళ్ళ వేలంలో కొన్న పాత అమెరికా జీపు, విల్లీస్. గోదావరి వరదల్లో లంకల నుంచి మనుషుల్నీ మేకల్నీ కూడా ఒడ్డుకు చేర్చిన బండి. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. మన రోడ్ల మీద అలాంటి బండి నడిపేవాడికి ముందున్న లారీ వీపు తప్ప మరేమీ కనబడదు. ఎదురుగా ఏం వస్తోందో కుడివైపు కూర్చున్నవాళ్ళే తొంగిచూసి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో మోహన్ ఆమెను ఆ సీట్లో కూర్చోబెట్టి చెప్పాడు. "వస్తుంటే ‘ఆగండి’ అను. ఖాళీగా ఉంటే ‘ఆయ్, రండి’ అను. అంతే, చాలు." ఆనాటినుంచి ఆమె రండంటే అతను వెళ్ళేవాడు, ఆగమంటే ఆగేవాడు. నిజమేనా అని ఏనాడూ అడగలేదు.

గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. మరిది నాగదుర్గాప్రసాద్ దిగాడు. అంబాజీపేటలో అతనిది కొబ్బరి వ్యాపారం. పరదా తీసి ఉండడం చూసి కొంచెం తడబడ్డాడు.

"మీరే తుడిచేస్తున్నారా వదినగారూ? మంచిదేలెండి. హైదరాబాదు నుంచి పార్టీ వస్తున్నారండి, మన బండి చూసుకోడానికి."

"ఏం చేసుకుంటారు?"

"దాచుకుంటారండి. పాత జీపులంటే వాళ్ళకి అదో పిచ్చి. రంగులేసి ఏసీ షెడ్డులో పెడతారంట. మనింట్లో మనకే లేదు ఏసీ, దానికి మాత్రం అదృష్టం చూడండి."

సత్యదుర్గ నవ్వలేదు. "నన్నడిగేరా ప్రసాదుగారూ?"

"అడుగుదామనే కదండీ వచ్చేను."

"వాళ్ళు బయల్దేరేక అడిగితే అది అడగడం కాదండీ. చెప్పడం."

ప్రసాద్ చెవి వెనక గోక్కున్నాడు. "కోపం తెచ్చుకోకండి. నాకా ఎడమ స్టీరింగు చేతకాదు. మీరా, నడపరు."

"నడపనని ఎవరు చెప్పేరు?"

"అబ్బే, అన్నయ్య సరదాకి ఓడలరేవు సముద్రం ఒడ్డున ఇసకలో నేర్పేడు కానీ, అదేం డ్రైవింగండీ! అక్కడ ఎదురొచ్చేవి పీతలే కదా!"

"ఆ ఇసకలోనే ఓసారి ఇరుసు దాకా కూరుకుపోయింది. మీ అన్నయ్య దిగి నడుమ్మీద చేతులేసుకుని నిలబడ్డారు. నాలుగు చక్రాల గేరు వేసి బయటికి తీసుకొచ్చింది నేను. లైసెన్సిచ్చినాయన కూడా పీతల్ని సాక్ష్యం అడగలేదు."

ఆమె గొంతు పెంచలేదు. ప్రసాద్ మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాడు. "నన్నంటే నేనేం చేసేదండీ? అమ్మ అమ్మెయ్యమంది."

సత్యదుర్గ వెనక్కి తిరిగింది. వీరాయమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, పెరటి మెట్ల మీద నిలబడి ఉంది. చిక్కుడుకాయలు ఇంకా కొంగులోనే ఉన్నాయి.

"నేనే అన్నాను. వాణ్ణేమీ అనకు."

"ఎందుకండీ అత్తయ్యగారూ? నాతో ఒక్క మాట అంటే..."

"ఏమని అనను?" ముసలావిడ మెట్టు మీద కూలబడింది. "ఆదివారం ఆదివారం నువ్వు దాన్ని మోగిస్తావు. తర్వాత ఆపుతావు. చప్పుడు ఆగితే వాడు దిగినట్టే కదే నాకు! కాళ్ళు కడుక్కుని, ‘అమ్మా, ఏం వండేరు’ అంటూ వస్తాడని ఇటే చూస్తూ కూర్చుంటాను. నువ్వొస్తావు. తాళం మేక్కి తగిలించి అన్నం వడ్డిస్తావు."

కొంగు వదులై చిక్కుడుకాయలు ఒక్కొక్కటే మెట్ల మీద పడ్డాయి. సత్యదుర్గ వంగి వాటిని ఏరడం మొదలుపెట్టింది. ఒకే ఇంట్లో ఉంటూ, పక్కపక్కన కూర్చుని తింటూ, ఈ సంగతి తనకి తెలియలేదు. పిల్లల మొహాలు చదవడం వచ్చనుకునే తనకి.

"నేను బ్యాటరీ కోసమని చెప్పేదాన్ని కదండీ," అంది తలెత్తకుండా. "ఇంజను స్టార్ట్ చేసి ఇటు తిరిగొచ్చి, కుడివైపు సీట్లో కూర్చునేదాన్ని. కాసేపు."

వీరాయమ్మ కోడలి తల వైపు చూసింది. ఆ జుట్టులో తెలుపు ఈ మధ్యే ఎక్కువైంది. ఆవిడ చెయ్యి దాని మీద ఆని, అక్కడే ఆగిపోయింది.

"అమ్మేస్తే చప్పుడు వినబడదు, నిజమే," అంది సత్యదుర్గ లేచి నిలబడుతూ. "కానీ తప్పు బండిది కాదండీ. నేను దాన్ని ఉన్నచోటే మోగించి ఉన్నచోటే ఆపుతున్నాను. గేటు దాటిస్తే మీరు ఎదురుచూడక్కర్లేదు, నేను ఊరికే కూర్చోనక్కర్లేదు. తాళం ఇవ్వండి ప్రసాదుగారూ."

ప్రసాద్ తల్లి మొహం చూశాడు. అక్కడ కాదనడం కనబడలేదు. జేబులోంచి తాళం తీసి వదినగారి చేతిలో పెట్టాడు.

"ఎదురొచ్చేవి ఎవరు చెబుతారండీ? నన్ను మాత్రం కుడివైపు కూర్చోబెట్టకండి. నాకు బెదురు."

సత్యదుర్గ జీపు ఎక్కడానికి వెళ్ళింది. కాలు పెట్టి సగం ఎక్కేదాకా తాను వచ్చింది కుడివైపుకని ఆమెకి తట్టలేదు.

"అటెళ్ళు, అటు!" వీరాయమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వస్తోంది. "ఈ సీటు నీకంటే ముందు నాది."

సత్యదుర్గ దిగి, నమ్మలేనట్టు చూసింది. ఇన్నేళ్ళలో అత్తగారు వెనక సీట్లో తప్ప కూర్చోవడం ఆమె ఎరగదు.

"ఏం, మీ మామగారికి రోడ్డు కొబ్బరిచెట్లు చెప్పేయనుకున్నావా? నేనే చెప్పేదాన్ని. మీ ఆయన చిన్నప్పుడు వెనక నిలబడి నా మాటే అప్పజెప్పేవాడు. నువ్వు కాపురానికొచ్చిన రోజున నేను వెనక్కి వెళ్ళేను. ఎవరూ వెళ్ళమన్లేదు. అదంతే మరి. ఒరేయ్, చెయ్యందించు!"

ప్రసాద్ తల్లిని ఎక్కించి, తాను వెనక కూర్చుని రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు. సత్యదుర్గ చోక్ లాగి సెల్ఫ్ కొట్టింది. జీపు ఒకసారి దగ్గి, వణికి, అందుకుంది. గేటు దాటింది.

ఓడలరేవు వెళ్ళే రోడ్డెక్కేసరికి ఆమె చేతుల బిగువు సడలింది. క్లచ్ బరువు, గేరు మొండితనం కాళ్ళకీ చేతులకీ గుర్తున్నాయి. అంతలో ముందు కొబ్బరిపీచు లారీ ఒకటి రోడ్డంతా తనదే అన్నట్టు ఊగుతూ కనబడింది. పీచు మోపులు తప్ప ఆకాశం కూడా కనబడలేదు.

వీరాయమ్మ కమ్మీ పట్టుకుని మెడ సాచింది. "ఆగు. బస్సొస్తోంది."

బస్సు వెళ్ళింది.

"ఇంకా ఆగు. సైకిలు మీద ఎవరో పెద్దాయన. పోనీ పాపం."

సైకిలూ వెళ్ళింది. సత్యదుర్గ కాలు యాక్సిలరేటర్ మీద తేలిగ్గా ఆనించి కాచుకుంది.

"ఆయ్, రా!"

ఆమె నిజమేనా అని అడగలేదు. గేరు మార్చి బండిని కుడివైపుకి తీసింది. పీచు తుంపులు మొహానికి కొట్టాయి. లారీ వెనక్కి పోయింది. ముందంతా ఖాళీ రోడ్డు, పక్కన కాలువ.

వెనక ప్రసాద్ ఫోను మోగింది. "పార్టీ వాళ్ళండీ. రావులపాలెం వచ్చేరంట. ఏం చెప్పమంటారు?"

వీరాయమ్మ వెనక్కి తిరగలేదు. "బండి ఖాళీ లేదని చెప్పు. అంత దూరం నుంచి వచ్చేరు కదా, భోంచేసి వెళ్ళమను. చిక్కుడుకాయ కూరే."

సత్యదుర్గకి నవ్వొచ్చింది. దాంతోపాటే ఇన్నాళ్ళూ పాకలో కూర్చున్నప్పుడు కూడా రానిదీ వచ్చి, రోడ్డు మసకబారింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఏడిస్తే ఏడువు కానీ, బండి తిన్నగా పోనీ," అంది వీరాయమ్మ. కుడివైపుకి మళ్ళీ మెడ సాచింది. "నువ్వు ముందు చూసుకో అమ్మాయ్. ఇటు నేను చూస్తున్నాను."