లోపలికి తెరుచుకునే తలుపు

మా ఇంటికి పుట్టుకతోనే చక్రాలున్నాయి. ఇరవై రెండేళ్ల కిందట ఒక లారీ దాన్ని ఈ కొండవాలు మీదికి ఈడ్చుకొచ్చి, సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టి పోయింది. ఆ తర్వాత అది కదల్లేదు, నేనూ కదల్లేదు. మా కెంటకీ కొండల్లో చాలామందిమి ఇలాంటి రేకు ఇళ్లలోనే ఉంటాం. వీటి తలుపులు బయటికే తెరుచుకుంటాయి. లోపల చోటు తక్కువ కదా, తలుపు తిరగడానికి జాగా దండగని అలా చేస్తారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మిగిలిందంతా దాని మీదే నడిచింది.

బయటికి తెరుచుకునే తలుపుకి బయట ఒక మనిషి వీపు ఆనిస్తే చాలు, లోపలివాళ్లు ఖైదీలే. నా మొగుడు వెర్లిన్ ఈ కిటుకు పెళ్లైన ఏడే కనిపెట్టాడు. నేను డ్యూటీకి తయారవగానే మెట్ల మీదికి పోయి తలుపుకి ఆనుకునేవాడు. "తొయ్యవే, తొయ్యి, ఇవాళ ఏపాటి తిన్నావో చూద్దాం" అని నవ్వేవాడు. ఒక్కోరోజు పది నిమిషాలు, ఒక్కోరోజు గంట. వెనక తలుపుకి మెట్లు లేవని దాన్ని ముందే మేకులు కొట్టి మూసేశాడు. తాగొచ్చిన రోజు మాత్రం అదే ముందు తలుపుని బూటుకాలితో తన్నేవాడు. మోకాలి ఎత్తున దానికో సొట్ట. ఊళ్లోవాళ్లకి వెర్లిన్ మహా సరదా మనిషి. ఆ సరదాకి ఇరవై రెండేళ్లు బలైంది నేను.

పోయిన జనవరిలో మంచు తుఫాను కమ్మిన సాయంత్రం, చొక్కా మార్చుకుని తలుపు తోశాను. కదల్లేదు. అవతల బరువు. మళ్లీ మొదలెట్టాడనుకున్నాను.

"ఆటలాపు వెర్లిన్" అన్నాను. జవాబు లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అంత ఇష్టమైతే అక్కడే ఉండు" అని గడియ వేసి, పోయి పడుకున్నాను.

వాడు ఆడటం లేదు. తాగి మెట్లెక్కి, తలుపుకి ఆనుకుని కూలబడ్డాడు. తెల్లారి ఇద్దరు పోలీసులొచ్చి, చలికి బిగుసుకుపోయిన శవాన్ని పక్కకి లాగితేగాని ఆ తలుపు తెరుచుకోలేదు.

పోయినవాళ్లని ఒక రాత్రి ఇంట్లో ఉంచి, చుట్టూ కూర్చుని పాటలు పాడటం మా పెద్దల ఆనవాయితీ. పక్క రేకింట్లో ఉండే మా అత్త ఓపల్ గడ్డం పట్టుకుని బతిమాలింది. నేను ససేమిరా అన్నాను. "వాడు నా గుమ్మం దాటి లోపలికి రాడు" అన్నాను. తిన్నగా గోతికే పంపించాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడను. గడియ గురించి అడక్కండి, అది వేరే సంగతి.

పాతిపెట్టిన మూడో రోజు నుంచి తలుపు బిగుసుకోవడం మొదలైంది. చెత్త పారేయడానికి వెళ్తే వెన్నలా తెరుచుకుంటుంది. డ్యూటీ చొక్కా తొడుక్కుని చెయ్యి వేస్తే మాత్రం కదలదు. ముందే జారుకుందామని నాలుగింటికే బయల్దేరాను. నాలుగింటికే బిగుసుకుంది. ఒకరోజు కిటికీలోంచి దూరి తుంటి బెణికించుకున్నాను. నేను పనిచేసేది ముసలాళ్ల ఆశ్రమంలో. నాలుగు డ్యూటీలు పోయాక, "శనివారం కూడా రాకపోతే ఇక రానక్కర్లేదు" అని మా పైఆవిడ తేల్చేసింది. ఆ ఉద్యోగం పోతే ఈ కొండ దిగే దారి నాకు మరి లేదు. బతికున్నప్పుడు చేసింది చాలక చచ్చి కూడా నన్ను బంధిస్తాడా! పట్నం పోయి కొత్త తలుపు కొన్నాను. లోపలికి తెరుచుకునేది. ఎంత ఆనుకుంటాడో ఆనుకోమను, నేను నా వైపుకి లాక్కుని పోతాను.

శనివారం పొద్దున మా తమ్ముడు డెల్మర్ పనిముట్ల పెట్టెతో వచ్చాడు. తలుపు చూసి తల పట్టుకున్నాడు.

"అక్కా, ఇది మామూలు ఇళ్లకి పెట్టే తలుపే. ఈ రేకు డబ్బాకా?"

"డబ్బాలో ఉండేది మనిషేరా."

"గోడ మందం చూశావా? చట్రం నాలుగు వేళ్లు లోపలికి పొడుచుకొస్తుంది."

"రానీ."

"మంచు కరిగితే నీళ్లు గడప మీంచి లోపలికొస్తాయి."

"తుడుచుకుంటాను."

"అసలు ఇల్లే ఓ పక్కకి కుంగిందే. జాకీ పెట్టి రెండు చెక్కలు దోపితే పోయేదానికి..."

"డెల్మర్, నోరు మూసుకుని స్క్రూలు విప్పు."

విప్పాడు. ముందు రెక్కని బందుల నుంచి ఊడదీశాం. దాని గడియ నేనే వెనక్కి లాగి ఉంచాను. తర్వాత చట్రం. రేకు గోడకి దాన్ని పట్టి ఉంచిన పాత పుట్టీ రాయిలా గట్టిపడి ఉంటే, కత్తితో గీరి గీరి తీశాడు. రెక్కని మోసుకుపోయి పెరట్లో మంచు మీద పడేసి, వగరుస్తూ వచ్చాడు.

"రేకు తలుపు కదే, ఇంత బరువేంటి?" అన్నాడు.

"తిండి తగ్గింది నీకు" అన్నాను. కానీ గోడకి మనిషంత కన్నం పడగానే లోపలికొచ్చిన చలిలో ఒక వాసన ఉంది. తడిసిన ఉన్నికోటు, నమిలిన పొగాకు... నేను అటు తిరిగి నేల ఊడ్చాను.

మధ్యాహ్నం ఓపల్ అత్త చిక్కుడుగింజల పులుసు గిన్నెతో వచ్చి, మెట్ల దగ్గరే ఆగిపోయింది. కొత్త తలుపుని డెల్మర్ ముందుకీ వెనక్కీ ఆడించి చూస్తున్నాడు.

"లోపలికి తెరుచుకుంటుందా?" అంది.

"ఆఁ. నీ కొడుకు ఆటలు ఇక సాగవు అత్తా."

"వాడు ఆనుకునే తలుపు కదమ్మాయ్ ఇది." గొంతు తగ్గించింది. "ఆనుకున్నవాడు ఇప్పుడు ఎటు పడతాడు?"

నాకు ఒళ్లు మండింది. "నీ పెంపకం సరిగ్గా ఉంటే ఈ తలుపు మార్చే ఖర్మ నాకు పట్టేది కాదు. గిన్నె అక్కడ పెట్టి వెళ్లు."

ఓపల్ కోపం తెచ్చుకోలేదు. గిన్నె మెట్టు మీద పెట్టింది. "ఒక్క రాత్రి ఇంట్లో ఉంచమన్నాను. అంతే అడిగాను" అని మెల్లగా వెళ్లిపోయింది.

నాలుగున్నరకి పని అయింది. గడియ ఇంకా బిగించలేదు, రేపు తెస్తానన్నాడు డెల్మర్. గడియకని తొలిచిన గుండ్రటి కన్నం ఉంటే, గాలి రాకుండా అందులో పాత గుడ్డముక్క కుక్కాడు. దారి గడ్డకట్టకముందే వెళ్లిపోయాడు.

నేను డ్యూటీ చొక్కా తొడుక్కున్నాను. కోటు, కారు తాళాలు, ఫోను గుమ్మం పక్క మేకుకి సిద్ధంగా ఉన్నాయి. పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాను. బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. మంచు నీలంగా కనిపిస్తోంది. గాలి లేదు.

కాసేపటికి చట్రం కిర్రుమంది.

మెట్లు మూడు. ఒకటి... రెండు... మూడు. చెక్క మీద బరువు పడింది. తలుపు చెక్క మెల్లగా నా వైపుకి ఉబ్బింది. నా అరచేతిలోకి పిడి నొక్కుకుంది.

భయం కాదు. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు భయం లేదు. ఇరవై రెండేళ్ల కోపం ఉంది.

"ఆనుకో" అన్నాను. "బాగా ఆనుకో."

ఒక్క గుంజు గుంజాను.

ఎవరూ లేరు. మెట్ల మీద పల్చగా కొత్త మంచు, అడుగుల గుర్తు కూడా లేదు. చల్లగాలి ఒకటి నన్ను రాసుకుంటూ లోపలికి పోయింది. ఉన్ని వాసన, పొగాకు వాసన... పోయింది. నవ్వొచ్చింది నాకు. అంతటితో కోటు తీసుకుని కారెక్కి ఉంటే ఎంత బాగుండేది! కానీ నా నోరు ఊరుకుంటుందా? మెట్ల మీదికి వచ్చి, ఖాళీ పెరట్లోకి చూస్తూ, ఇన్నేళ్లు మింగిన తిట్లన్నీ తిట్టాను. వాడి బూట్లని, వాడి నవ్వుని, పేరుపేరునా తిట్టాను.

నా వీపు వెనకాల కొత్త తలుపు మూసుకుంది. గట్టిగా కాదు. ఇంట్లోవాళ్లు చలికి మూసుకున్నంత మామూలుగా.

తిరిగి తోశాను. కదల్లేదు.

పిడి తిరుగుతోంది. తలుపు రావడం లేదు. భుజం పెట్టి తోశాను. లోపల నుంచి బరువు... మెత్తటి బరువు. నేను తోసినకొద్దీ అది కూడా తోస్తోంది.

చొక్కాలోంచి చలి ఎముకలు కొరుకుతోంది. కన్నంలోని గుడ్డ గుర్తొచ్చింది. వంగి, దాని కొస పట్టుకున్నాను.

అది నా వేళ్లలోంచి లోపలికి జారింది. ఎవరో లాక్కున్నారు.

కన్నంలో చీకటి. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. తర్వాత, చాలా దగ్గరగా, ఓపిగ్గా...

"ఆటలాపు రోవీనా."

పిడిని రెండు చేతులా పట్టుకున్నాను.

"అంత ఇష్టమైతే... అక్కడే ఉండు."

గడియ పడింది. ఠక్కున. ఆ చప్పుడు నాకు తెలుసు. ఆ సాయంత్రం నా చేత్తో నేనే వేశాను.

కానీ ఈ తలుపుకి గడియ లేదు.

అప్పుడు తన్నాను. పిచ్చెక్కినట్టు తన్నాను. అది నా ఇల్లు, నా జీతంతో కొనుక్కున్న తలుపు! మోకాలి ఎత్తున చెక్క లోపలికి పోయేదాకా తన్ని, కాళ్లు తిమ్మిరెక్కాక ఓపల్ ఇంటికి పరిగెత్తాను.

ఆవిడ తలుపు తీసి పట్టుకునే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నా భుజాల మీద శాలువా కప్పి, "వచ్చాడా ఇంట్లోకి?" అంది. నేను ఏడ్చాను. ఆవిడ మా ఇల్లు కనిపించే కిటికీ దగ్గరికి రెండు కుర్చీలు లాగి, ఒకదాంట్లో కూర్చుని, సన్నగా పాట అందుకుంది. "నువ్వూ కూర్చో అమ్మాయ్. ఒక్క రాత్రే కదా."

కూర్చున్నాను. డ్యూటీకి పోలేదు. ఉద్యోగం పోయింది.

పొద్దున్నే గడియ పట్టుకుని డెల్మర్ వచ్చాడు. ఒక్క వేలితో తలుపు తోశాడు, తెరుచుకుంది. లోపల మేకుకి నా కోటు అలాగే ఉంది. గుడ్డముక్క నేల మీద ఉంది. వాడు సొట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు. పాత తలుపుని బండిలో వేసుకుపోదామని పెరట్లోకి నడిచి, మంచు దులిపి, అక్కడే ఆగిపోయాడు.

"అక్కా, నిన్న ఊడదీసేటప్పుడు దీని గడియ తీసే ఉంది కదా?"

"తీసే ఉంది."

"మళ్లీ ఎవరు వేశారు?"

నేను దగ్గరికి పోలేదు. వాడు రెండు చేతులతో ఆ గడియని వెనక్కి లాగుతున్నాడు. అది రావడం లేదు.