మాత్ర ఇచ్చింది నేనే

“లేవడం లేదే... వీడు లేవడం లేదే!”

అత్తగారి కేక వంటింట్లోకి దూసుకొచ్చేసరికి ఆమె హాల్‌టికెట్టు సంచిలో పెట్టుకుంటోంది. గోడ గడియారంలో ఏడూ పది. ఎనిమిదిన్నరకి పరీక్షా కేంద్రం గేటు మూసేస్తారు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పోనివ్వరు.

“మొద్దు నిద్రేమోలెండి అత్తయ్యా... పొద్దున్నే లేచి ఆడాడుగా,” అంటూనే గదిలోకి వెళ్ళింది. మంచం మీద రెండేళ్ళ కొడుకుని చూడగానే ఒక్క అంగలో వాడి దగ్గరికి చేరింది.

గుండు... పుట్టినప్పుడు తలమీద ఒక్క వెంట్రుక లేకపోతే వాళ్ళక్క పెట్టిన ముద్దుపేరు అది... గుండు చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయి ఉంది. ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా తగిలింది. చెయ్యెత్తి వదిలితే తడిబట్టలా కిందికి జారిపోయింది. జ్వరం కాదు. నిద్ర కాదు. చల్లటి చెమట, మగత, పిలిస్తే పలక్కపోవడం... నిన్న మధ్యాహ్నమే నర్సింగు పుస్తకంలో ఆ పేజీ మళ్ళీ చదివింది. రక్తంలో చక్కెర పడిపోతే కనిపించే లక్షణాలు! కానీ ఆడుకునే పసివాడికి చక్కెర ఎందుకు పడిపోతుంది?

“అత్తయ్యా! వీధిలోకెళ్ళి ట్యాక్సీ ఆపండి! పరిగెత్తండి!”

అత్తగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఆమె చక్కెర నీళ్ళలో తడిపి, వాడి బుగ్గ లోపల వేలితో రుద్దుతోంది. అప్పుడు వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది.

“తమ్ముడికి నయమైపోయిందా అమ్మా? నేను మాత్ర వేశానుగా!”

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఆరేళ్ళ కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. విన్న మాట విన్నట్టు తిరిగి అప్పజెప్పడం దాని అలవాటు. అందుకే ఇంట్లో అందరూ దాన్ని చిలక అంటారు. మెళ్ళో తాడుకి కట్టిన డబ్బామూత వేలాడుతోంది. అదే దాని స్టెతస్కోపు.

“ఏం మాత్రమ్మా?” పిల్ల బెదరకుండా అడగడానికి ఆమె ఎంత కష్టపడిందో ఆ దేవుడికే తెలియాలి!

“నాయనమ్మది. గూట్లో మూతలో పెట్టుకుంటుందిగా, అది! స్టూలెక్కి తీశాను. ఐదూ చూశానమ్మా. సరైన మనిషి, తమ్ముడే. సరైన మందు, తెల్లదే. సరైన మోతాదు, ఒకటే. సరైన సమయం, పొద్దున్నే. సరైన దారి, నోట్లోనే! నీళ్ళు కూడా తాగించాను. అప్పుడు చిన్న ముల్లు ఐదు దాటి ఉంది, పెద్ద ముల్లు ఆరు మీద ఉంది.”

మాట్లాడుతున్నంతసేపూ దాని మొహం వెలిగిపోతోంది. ఒక్కటి కూడా తప్పులేదు!

మందిచ్చే ముందు నర్సు సరిచూసుకోవాల్సిన ఆ ఐదూ నేర్పింది ఎవరు? తనే... తనే కదా! ఆస్పత్రిలో పొద్దంతా రోగులకి ఒళ్ళు తుడిచి, దుప్పట్లు మార్చి, ఇంటికొచ్చాక పిల్లలిద్దరినీ ఒళ్ళో వేసుకుని చదువుకోవడానికి ఆమె కనిపెట్టిన ఉపాయం అది. గుండు రోగి, చిలక నర్సు, బిస్కెట్ ముక్క మందు. ఐదూ సరిచూసి చెబితేనే బిస్కెట్ వాడి నోట్లోకి వెళ్ళాలి. ఆట ఆడుతూ వాళ్ళు నవ్వేవాళ్ళు, వాళ్ళని చూస్తూ ఆమె పాఠం వల్లె వేసుకునేది. “మా కోడలు అన్నం వడ్డించాలన్నా ముందు చార్టు రాయాలర్రా!” అని అత్తగారు ఇరుగుపొరుగుకి చెప్పి వెక్కిరించేది.

ఈ రోజు తెల్లవారుజామున గుండు ఏడుస్తూ వచ్చి పుస్తకం లాగితే, కళ్ళెత్తకుండా తనే అంది. “చిలకా, ఈ ఒక్క పూటకీ నువ్వే నర్సువమ్మా. తమ్ముణ్ణి నువ్వే చూసుకో.”

చూసుకుంది... నిజమైన నర్సు నిజమైన మందే వెయ్యాలనుకుంది!

బయట హారన్ మోగింది. ఆమె కొడుకుని భుజాన వేసుకుని లేచింది. కూతురి ముందు మోకాళ్ళ మీద వంగి ఒకే ఒక్క మాట చెప్పింది.

“ఈ సంగతి ఎవరికీ చెప్పకు తల్లీ. ఎవ్వరికీ!”

చిలక మొహంలో వెలుగు ఆరిపోయింది. ఏదో తప్పు చేశానని దానికి మొదటిసారి తోచింది.

* * *

అది ఆమె పనిచేసే ఆస్పత్రే. అక్కడ అందరూ ఆమెని ఆయమ్మా అనే పిలుస్తారు. నర్సింగు చదువు పూర్తిచేసిందని తెలిసింది పెద్ద సిస్టర్ ఒక్కదానికే. చదువు అయ్యాక ఏడేళ్ళలో మూడుసార్లే లైసెన్సు పరీక్ష రాయనిస్తారు. మొదటిసారి నిండు నెలలతో వెళ్ళి, నొప్పులు పళ్ళబిగువున ఓర్చుకుని రాసి, ఆరు మార్కుల్లో పోగొట్టుకుంది. రెండోసారి చిలకకి అమ్మవారు పోసి వారం రోజులు కంటిమీద కునుకు లేకుండా వెళ్ళింది. రెండే రెండు మార్కులు! ఇది మూడోది. ఏడో ఏడు ఈ నెలతో సరి. ఇది పోతే ఇంకెప్పటికీ లేదు.

అవేవీ ఆమెకి ఇప్పుడు గుర్తులేవు. అత్యవసర విభాగం తలుపు భుజంతో నెట్టి లోపలికి వస్తూనే, ఊపిరాడకపోయినా గడగడా చెప్పేసింది.

“డాక్టర్‌గారూ! రెండేళ్ళు, పదకొండు కిలోలు! మా అత్తగారి షుగర్ మాత్ర, ఒకటి, ఐదున్నరకి పడింది! ఏడింటికల్లా స్పృహ లేదు. బుగ్గలో చక్కెర రుద్దాను!”

కుర్రడాక్టరు ఒక్కక్షణం ఆమెని వింతగా చూశాడు. మరుక్షణం అందరి చేతులూ కదిలాయి. సూది, సీసా, గొట్టం... వేలికొసన రక్తపుబొట్టు తీసి చూసి సిస్టర్ చెప్పిన అంకె వినగానే ఆమె వాడి పాదం గట్టిగా పట్టుకుంది. ఆ అంకెకి అర్థం తెలిసిన తల్లి కావడం ఎంత శాపం! తెలియని తల్లయితే ఏడుస్తూ ఆశపడేది...

ఏడూ యాభైకి గుండు కళ్ళు తెరిచాడు. ముందు చుట్టూ చూశాడు. తర్వాత చేతికి కట్టిన కట్టు చూసుకుని ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడ్చాడు. అంత తియ్యటి ఏడుపు ఆమె జన్మలో వినలేదు.

“గండం గడిచినట్టే,” అన్నాడు డాక్టరు. “కానీ ఈ మాత్ర మొండిది. చక్కెర మళ్ళీ మళ్ళీ పడిపోతుంది. ఒక రోజంతా గ్లూకోజు సీసా తియ్యకూడదు.”

పెద్ద సిస్టర్ ఆమె భుజం పట్టుకుని ఊపింది. “ఏమ్మా, ఈ రోజు నీ పరీక్ష కాదూ? ఇంకా నలభై నిమిషాలుంది! పో! బిడ్డ దగ్గర నేను కూర్చుంటాను, నా మీద ఒట్టు! రెండు వీధుల అవతలే కదా ఆ కేంద్రం!”

వెళ్ళొచ్చు... నిజంగానే వెళ్ళొచ్చు! ఆమె కాళ్ళు గుమ్మం వైపు ఒక అడుగు వేశాయి కూడా.

“ఒక్క నిమిషం.” డాక్టరు కాగితం తీశాడు. “పసిపిల్లల కడుపులో మందు పడితే మేము నివేదిక రాయాలి. మాత్ర ఎవరిచ్చారు? వాళ్ళు మాత్రం పిల్లల సంక్షేమ అధికారిణి వచ్చి మాట్లాడేదాకా ఇక్కడే ఉండాలి. మిగతావాళ్ళు వెళ్ళొచ్చు.”

“వాడే ఎక్కడో దొరికితే...” అని ఆమె మొదలుపెట్టింది.

“గూడు నా భుజమెత్తు!” అత్తగారు అడ్డుతగిలింది. “రెండేళ్ళవాడికి ఎలా అందుతుందే?”

“పైగా మీరు టైముతో సహా చెప్పారు,” అన్నాడు డాక్టరు నెమ్మదిగా. “అంటే ఎవరిచ్చారో మీకు తెలుసు.”

బిడ్డ ప్రాణం నిలబెట్టిన మాటే ఇప్పుడు ఆమె మెడకి చుట్టుకుంది!

అత్తగారి చూపు గదంతా తిరిగి చిలక మీద ఆగింది. గోడకి అతుక్కుపోయి నిలబడిన పిల్ల... తాడు నోట్లో పెట్టుకుని కొరుకుతున్న పిల్ల... అత్తగారు ఒక్క అంగలో వెళ్ళి దాని జబ్బ పట్టుకుంది.

“స్టూలు గూటి కిందే ఉంది! నేను చూశాను! ఎప్పుడు చూసినా నువ్వేగా వాడి పక్కన ఉండేది! నువ్వేనా? నిజం చెప్పవే! ఒక్కగానొక్క మగపిల్లాణ్ణి... తమ్ముణ్ణి చంపబోయావా? రాకాసీ!”

“నేను... నేను ఐదూ...” అంది చిలక.

గడియారంలో ఎనిమిది దాటింది. ఒక్క మాట చాలు. ‘అవును, పిల్ల తెలియక చేసింది’ అంటే చాలు! తను పరిగెత్తి వెళ్ళి పరీక్ష రాసుకోవచ్చు. ఎవరో అధికారిణి వచ్చి ఈ ఆరేళ్ళ పిల్లని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతుంది. ఈ అత్తగారు రేపు, ఎల్లుండి, పదేళ్ళ తర్వాత కూడా చేతికందిన ప్రతి మాటలోనూ దాన్ని పొడుస్తూనే ఉంటుంది. తమ్ముణ్ణి చూసినప్పుడల్లా ఇది తలొంచుకుంటుంది. ఆ కాగితం మీద ఇంకు వెలిసిపోతుంది గానీ ఈ పిల్ల గుండెలో రాత చెరుగుతుందా?

“దాన్ని వదలండి అత్తయ్యా.” ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “ఇచ్చింది నేనే.”

అత్తగారు చిలక జబ్బ వదిలేసింది.

“పొద్దున్న ఒళ్ళు వెచ్చగా తగిలింది. జ్వరం మాత్ర అనుకున్నాను. చదువు ధ్యాసలో... చూసుకోలేదు.”

“రాయకండి డాక్టర్!” పెద్ద సిస్టర్ కాగితానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. “ఏమ్మా, మతుండే మాట్లాడుతున్నావా? కన్నబిడ్డకే తప్పుమందు ఇచ్చానని సంతకం పెడితే, పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నా నీకు లైసెన్సు ఎవడిస్తాడు? నీ మంచి నడవడికి సంతకం పెట్టినదాన్ని నేను! నేనేం చెప్పుకోను?”

“నన్ను క్షమించండి సిస్టర్...”

అత్తగారి చెయ్యి ఆమె చెంప మీద ఛెళ్ళుమంది. “చదువు! చదువు! నీ పుస్తకాలు పొయ్యిలో పెట్ట! నీ చదువుకి నా మనవణ్ణి బలి ఇద్దామనుకున్నావే!” అని నెత్తి బాదుకుంది. ఎక్కడో రోడ్డు మీద బస్సు నడుపుతున్న భర్త ఫోన్లో సంగతంతా విని ఒక్కటే అన్నాడు. “నువ్వు... నువ్వు నర్సువి అవుతావా?” ఫోన్ పెట్టేశాడు.

ఆమె సంతకం పెట్టింది. చెక్కబల్ల మీద కూర్చుంది. ఎదురుగా గోడ మీద పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చింది. దాటింది. గేటు మూసుకునే చప్పుడు అంత దూరం నుంచి వినబడదు. ఆమెకి వినబడింది.

* * *

మధ్యాహ్నం అధికారిణి వచ్చి వెళ్ళింది. అడిగినవన్నీ అడిగింది. ఆమె చెప్పినదే చెప్పింది. ఆ తర్వాత అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. పొద్దుటి గొంతు లేదు. మనిషి సగమైపోయినట్టుంది.

“కింద చిలకకి ఇడ్లీ పెట్టిస్తుంటే... అదే అడిగింది. ‘నాయనమ్మా, నేను ఐదూ సరిగ్గానే చూశాను, మరి తమ్ముడికి ఎందుకు బాగోలేదు’ అని.” ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. “గూట్లో మూతలో మాత్ర పెట్టి మరిచిపోయిందాన్ని నేను. మూత ఖాళీగా ఉంటే వేసేసుకున్నాననుకున్నాను. నిన్ను కొట్టిన ఈ చెయ్యి పడిపోను! ఉండు, ఆ డాక్టరుకి నేనే చెబుతాను, ఆ కాగితం చింపిస్తాను!”

“చింపితే ఏమొస్తుంది అత్తయ్యా?” ఆమె నవ్వబోయింది, రాలేదు. “గేటు మూసేశారు. నాకు రావలసింది ఇంకేమీ లేదు. చింపితే పోయేది మాత్రం ఉంది. రేపు ఏ గొడవలోనో ఎవరో ఒకరు దాన్ని అంటారు... పొద్దున్న మీరు అన్న మాటే అంటారు. మీ అబ్బాయికి కూడా చెప్పకండి. నాకోసం ఏదైనా చెయ్యాలనుకుంటే, ఇది చెయ్యండి.”

అత్తగారు కోడలి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పదేళ్ళ కాపురంలో అలా పట్టుకోవడం అదే మొదలు. “ఏం తల్లివమ్మా... ఏం తల్లివి!”

చిలక తలుపు సందులోంచి తొంగిచూస్తోంది. ఆమె దగ్గరికి పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

“నువ్విచ్చింది ఉత్త సుద్దబిళ్ళ చిలకా. దాంతో తమ్ముడికి ఏమీ కాలేదు. ఆ తర్వాత అమ్మ చూసుకోకుండా ఇంకోటి ఇచ్చింది. దానివల్లే ఇదంతా.”

“అయితే... నేను కాదా?”

“నువ్వు కాదు తల్లీ.”

పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి ఆ చిన్ని గుండెలోంచి ఒక్కసారిగా బయటికి వచ్చింది. చిలక అమ్మ మెడలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నెమ్మదించింది. ఆమె కూతురి తల నిమురుతూ అనుకుంది... చాలు. ఇంత దక్కింది. ఇది చాలు.

సిస్టర్ చక్కెర కలిపిన పాలు తెచ్చి ఇచ్చింది. ఆమె గ్లాసు అందుకుని గుండు మంచం దగ్గరికి నడిచింది.

ఉన్నట్టుండి చిలక పరిగెత్తుకొచ్చి మంచానికి అడ్డం నిలబడింది. రెండు చేతులూ బార్లా చాపింది.

“నువ్వు ఇవ్వొద్దు!”

“ఏంటమ్మా?”

“నువ్వు చూసుకోవుగా! మళ్ళీ తప్పుది ఇచ్చేస్తావు. తమ్ముడికి నువ్వేమీ ఇవ్వొద్దు. నాయనమ్మే ఇవ్వాలి!”

“ఏయ్! నోర్ముయ్యవే!” అత్తగారు తూలిపడుతూ లేచింది. “మీ అమ్మని... నీకేం తెలుసే మీ అమ్మ...”

“అత్తయ్యా!”

ఆ ఒక్క పిలుపుకి ముసలావిడ నాలుక వెనక్కి వెళ్ళిపోయింది. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు.

ఆమె గ్లాసుని అత్తగారి చేతికి అందించింది. “అది సరిగ్గానే చెప్పింది. మీరే పట్టండి.” అని రెండడుగులు వెనక్కి వేసింది.

అత్తగారు మనవడి నోటికి గ్లాసు పెట్టింది. వాడు గటగటా తాగుతున్నాడు. చిలక పహారా కాస్తున్నట్టు మంచం పక్కనే నిలబడి, ఒకసారి వెనక్కి తిరిగి అమ్మ చేతులు ఎక్కడున్నాయో చూసింది.

ఆమె తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.