లోడు లేకుండా కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్

"మా ఆయన్ని సాయంత్రం పోలీసులకి అప్పజెప్తారటండీ!" అంది నేత మిల్లు ఎలక్ట్రీషియన్ భార్య. డిటెక్టివ్ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

పాత మగ్గాలకి వోల్టేజీ తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ నిన్న కాలిపోయింది. మోయలేనంత లోడు వేసి కాల్చేశాడని నింద ఆమె భర్త మీద పడింది.

డిటెక్టివ్ నింపాదిగా చెప్పులేసుకున్నాడు. ఆయన చెప్పులేసుకుంటే కేసు సగం తేలినట్టేనని అసిస్టెంటు నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆమె సంచి భుజాన వేసుకుని, ఎలక్ట్రీషియన్ భార్యతో కలిసి వెంట నడిచింది.

మిల్లులో కమురు వాసన ఇంకా పోలేదు.

"నిన్న మగ్గాలన్నీ నడిచాయా?" అడిగాడు డిటెక్టివ్.

"సగం కూడా లేవండి," అన్నాడు ఎలక్ట్రీషియన్. "మెయిన్ లైను మరమ్మతని జనరేటర్ మీద నడిపాం. మీటర్లో వోల్టేజీ సరిగ్గానే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం గొంతు బొంగురుపోయి మూలిగింది."

"జనరేటర్ దగ్గర ఎవరున్నారు?"

"నేనే. షెడ్డులోంచి కదిల్తే ఒట్టు," అన్నాడు యజమాని బావమరిది.

"కదలకపోవడం నిజమే," నవ్వింది ఒక నేతకారిణి. "కానీ నిన్న షిఫ్టు ఎంతకీ అయి చావలేదు. గడియారం చూసే బయటికొచ్చాను, తీరా చూస్తే బస్సు వెళ్ళిపోయింది!"

గోడ గడియారం కరెంటు మోటారుతో నడిచేది. ఇప్పుడు మెయిన్ లైను మీద చక్కగానే తిరుగుతోంది గానీ, అసిస్టెంటు చేతి గడియారం కంటే దాదాపు గంట వెనక ఉంది. షెడ్డులో జనరేటర్ పక్కన మడత మంచం, దిండు కనిపించాయి. డిటెక్టివ్ యజమానితో సహా అందరినీ అక్కడికే పిలిపించాడు.

ఆయన చెప్పినట్టే ఎలక్ట్రీషియన్ జనరేటర్ నడిపి, ఇంజను వేగం తగ్గించాడు. గోల తగ్గింది, లైట్లు మసకేశాయి. వోల్టేజీ నాబ్ తిప్పగానే మళ్ళీ వెలిగాయి. మిల్లులోంచి తెచ్చి అక్కడ తగిలించిన గోడ గడియారం మాత్రం ఈడుస్తూ నడిచింది.

"ఇంజను నెమ్మదిస్తే కరెంటు ఇటూ అటూ దిశ మారడం నెమ్మదిస్తుంది," అన్నాడు డిటెక్టివ్. "అదే ఫ్రీక్వెన్సీ తగ్గడం. ఆ గడియారం నడిచేదీ దాని లెక్కనే. దానికి తగ్గట్టు వోల్టేజీ కూడా తగ్గితే ట్రాన్స్‌ఫార్మర్ బతికేది. వోల్టేజీ మాత్రం ఎక్కిస్తే లోపలి ఇనుము పట్టనంత అయస్కాంతంతో నిండిపోతుంది. ఇక లోడు లేకపోయినా తీగలు ఎక్కువ కరెంటు లాగి, కాగి కాలిపోతాయి. ఏమంటారు బావమరిది గారూ? నిద్ర బాగా పట్టిందా?"

బావమరిది యజమాని వైపు తిరిగాడు. "ఆ గోలకి కన్ను మూతపడలేదు బావా! కాస్త తగ్గించాను. లైట్లు మసకేస్తే తిడతావని నాబ్ తిప్పాను. కాలుతుందని నాకేం తెలుసు?"

"తగ్గించింది తెలియక," అన్నాడు డిటెక్టివ్. "నింద ఇంకొకరి మీద పడుతుంటే నోరు మూసుకుంది తెలిసే."

యజమాని ఎలక్ట్రీషియన్ చేతులు పట్టుకున్నాడు. "తప్పు నాదయ్యా. అడక్కుండానే నిన్ను దోషిని చేశాను."

"అక్కకి చెప్పకు బావా," గొణిగాడు బావమరిది.

"ముందు ఆ దిండు తియ్యి," అన్నాడు యజమాని.

ఎలక్ట్రీషియన్ భార్య కళ్ళు తుడుచుకుని, పొద్దుటినుంచి మొదటిసారిగా కూర్చుంది, ఆ మంచం మీదే.