మాట లేని మునక

చీకటి పడ్డాక ఆ తొట్టి పక్కగా ఎవరూ నడిచేవారు కాదు. దెయ్యాలు లేవని పగలంతా పాఠం చెప్పే పంతుళ్ళు కూడా!

కంకిపాడు దాటాక కాలవగట్టు మీదున్న చిన్న సెమినరీ అది. ఊళ్ళోవాళ్ళు పాస్టర్ల బడి అంటారు. చర్చి వెనక ఆరు మెట్లు దిగితే నడుంలోతు బాప్తిస్మపు తొట్టి. రాత్రయితే అందులోంచి... మునిగిన మనిషి ఊపిరందక పైకి లేచిన చప్పుడు. ఆ వెంటనే ఒక గొంతు.

"మాట... మాట చెప్పండి..."

ఆ గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. ఊడ్చే సువార్తమ్మకి మరీ తెలుసు. ఆమె కొడుకు ఆమోసుది.

అక్కడొక పద్ధతుంది. పాస్టరు కావాలంటే మనిషిని నీళ్ళలో ముంచి లేపడం రావాలి కదా. కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ముంచుకుని నేర్చుకుంటారు. కానీ "తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున" అన్న మాట మాత్రం పలకరు. పలికితే నిజం బాప్తిస్మమైపోతుంది. పలక్కపోతే ఉత్త స్నానమే.

ఆమోసు చిలకరింపు సంఘంవాడు. పసితనంలో నెత్తిన నాలుగు చుక్కలు చల్లించుకున్నవాడు. అలాంటివాళ్ళకి చదువు పూర్తయ్యాకే అసలు మునక. అందాకా ఎగతాళి. యాభై ఏడులో ఓ సాయంత్రం, "నాలుగు చుక్కలోడా, సముద్రం ఎట్టా ఉంటదో చూడు" అంటూ పై తరగతి సొలొమోను వాణ్ణి ముంచి... పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతూ అంకెలు లెక్కపెట్టారట. మూడొందల దాకా లెక్కపెట్టారట. లెక్కలు బాగా వచ్చినవాళ్ళే మరి!

జ్వరంతో పోయాడని రాసుకున్నారు. మాట పలకలేదు గనక బాప్తిస్మం లేదన్నారు. బాప్తిస్మం లేదు గనక సమాధుల తోటలో చోటు లేదన్నారు. ప్రహరీ అవతల, కుక్కల్ని పూడ్చేచోట గుంట తీశారు. ప్రేమే దేవుడని గోడ మీద రాసుకున్న బడి!

కొడుకు పోయినచోటే సువార్తమ్మ ఊడ్చే పనికి కుదిరింది. పదిహేడేళ్ళు. పట్టా పుచ్చుకుని వెళ్ళే ప్రతివాడి కాళ్ళూ పట్టుకుంది — ఆ తొట్టి దగ్గర ఒక్కసారి ఆ మాట చెప్పి పొమ్మని, తన బిడ్డని ఒడ్డెక్కించమని. ఒక్కడూ నోరు విప్పలేదు. తనే చెబుదామంటే, ఆడదాని నోట ఆ మాట పనిచెయ్యదట.

డెబ్బై నాలుగులో సెమినరీకి యాభై ఏళ్ళ పండగ వచ్చింది. ఇప్పుడు ప్రిన్సిపాలు సొలొమోను గారే. చరిత్ర పుస్తకం రాసిందీ ఆయనే. "మా తొట్టిలో ఏనాడూ ఏ అపాయమూ జరగలేదు" అని అందులో ఒక వాక్యం. పండక్కని, తెల్లారితే తొట్టి పూడ్చేసి పైన స్టేజీ కడతారు.

దీపాలు పెట్టేవేళ సువార్తమ్మ ఆయన గుమ్మంలో నిలబడింది.

"అయ్యగారూ... పూడ్చేముందు ఒక్క మాట. మీ నోటితో."

ఆయన బెజవాడ ప్రెస్సునించి వచ్చిన ఆ పుస్తకం ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. తలెత్తలేదు.

"చచ్చినవాళ్ళకి బాప్తిస్మాలు బైబిలు వాక్యానికి విరుద్ధం, సువార్తమ్మా."

"బతికున్నోణ్ణి చంపడం ఏ వాక్యంలో ఉందండీ?"

కళ్ళజోడు తీసి, తీరిగ్గా తుడుచుకున్నాడు.

"రేపట్నించి పనిలోకి రాకు."

ఆ రాత్రి కరెంటు పోయింది. సువార్తమ్మ మెట్లు దిగింది. ఒకటి... రెండు... మూడు... నీళ్ళు మోకాళ్ళ దాకా, నడుం దాకా.

చప్పుడు... ఊపిరి...

"మాట..."

"వచ్చా నాన్నా. ఇక్కడే ఉన్నా."

చేతులు ముంచి తడిమింది. చల్లటి వీపొకటి అరచేతిలోకి ఒదిగింది. పదిహేడేళ్ళుగా చూసిందే కదా — ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి ముక్కు మీద. ఒక్క అక్షరం పొల్లుపోకుండా పలికింది. తండ్రి యొక్కయు... కుమారుని యొక్కయు...

పనిచేసింది! ఆడదాని నోట పనిచెయ్యదన్న మాట — పనిచేసింది.

చేతుల్లో బరువు దూదయిపోయింది. మొహం పైకి లేచింది. ఆత్రంగా నిమిరింది — దట్టంగా గడ్డం.

ఆమోసుకి గడ్డమే రాలేదు.

"ఒడ్డెక్కించావు తల్లీ," అంది గొంతు. "నా పేరు మరియదాసు. ముప్ఫై రెండులో ముంచారు నన్ను."

"మరి... నా బిడ్డ?"

నీళ్ళు మళ్ళీ కదిలాయి. మోకాలి దగ్గర ఒక చెయ్యి తగిలింది. మడమ దగ్గర ఇంకొకటి. ఇటునించి "మాట...", అటునించి "మాట..." నీళ్ళలోంచి వచ్చే గొంతులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఒక్కడే అనుకుంది!

రెండోవాడి వీపు కింద చెయ్యి పెట్టింది. తరవాత మూడోవాడు. తరవాత...

ఆరోవాడు లేచేసరికి గొంతు బొంగురుపోయింది. తూర్పు తెల్లబడుతోంది. గేటు తీసిన చప్పుడు. మేస్త్రీల ఇసకబండి లోపలికొస్తోంది.

"ఆమోసూ!" అని కేకేసింది.

అడుగునించి, సన్నగా... ఈసారి నిజంగా వాడి గొంతే.

"నా ముందు ఇంకా నలుగురున్నారమ్మా..."